చిన్నగదికి చలువ యంత్రము

మా పాఠశాల వసతిగృహమునందు, వంటశాలకు పడమటి దిక్కున, రోగులకై విడిచిన గది యొకటి కలదు. దాని పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. గోడలు రాతివి, రెండడుగుల మందము గలవి. పడమటి గోడయందు ఒకటే కిటికీ. దానికి ఇనుప ఊచలు. మధ్యాహ్నమంతయు ఎండను త్రాగిన ఆ గోడ రాత్రి పదిగంటల వఱకు వేడిమిని లోనికి విడుచుచునే యుండును.

గడచిన వేసవిలో మా విద్యార్థి యొకడు ఆటస్థలమున వడదెబ్బ తగిలి పడిపోయెను. వెంటనే ఆసుపత్రికి కొనిపోతిమి. సాయంకాలమునకు జ్వరము దిగినందున వైద్యులు వానిని మాతో పంపుచు, చల్లని తావున నుంచుడని మఱి మఱి చెప్పిరి. మాకు చల్లని తావెక్కడిది? ఆ గదిలోనే పరుండబెట్టి, రాత్రి తొమ్మిదిగంటలకు విజ్ఞానశాలనుండి ఉష్ణమాపకమును తెచ్చి గోడకు వ్రేలాడదీసి చూచితిమి. 37 డిగ్రీలు! నెత్తిమీది పంకా ఆ వేడిగాలినే త్రిప్పి త్రిప్పి బాలునిపై కొట్టుచుండెను. అర్ధరాత్రమునకు మరల ఆసుపత్రికే తీసికొనిపోవలసి వచ్చెను. బాలుడు కోలుకొని ఇప్పుడు మాతోడనే యున్నాడు. అయినను ఆ రాత్రి మేము మఱవలేదు.

ఈ సంగతి తెలిసి పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని 40,000 రూపాయలు సమకూర్చి యిచ్చిరి. దానితో ఆ గదికి తగిన చలువ యంత్రమును ఎన్నుకొను భారము విజ్ఞానశాస్త్ర సంఘమువారమగు మాపై పడెను. కొనుటకు ముందు మేము నేర్చుకొన్నదానిని, వేసిన లెక్కలను, పడబోయి తప్పించుకొన్న పొరపాటును ఇచ్చట వ్రాయుచున్నాము. లెక్కలన్నియు పై తరగతులవారు స్వయముగా చేసి చూడదగినవే.

గోడకు తగిలించు స్ప్లిట్ ఏసీ యే మేలైనదని మేమును ఎఱుగుదుము. దానిలో పెద్ద చప్పుడు చేయు భాగమును, వేడిమిని విడుచు భాగమును గది వెలుపల నుండును. విద్యుచ్ఛక్తియు తక్కువగా పట్టును. గోడకు రంధ్రము చేయుటకు వీలున్నవారు ఈ వ్యాసమును ఇంతటితో విడిచి దానినే కొనవచ్చును. మాకు వీలులేదు. పురాతనమైన ఆ రాతిగోడను తొలుచుటకు కట్టడముల సంఘమువారు ఒప్పుకొనలేదు. కిటికీలో అమర్చు ఏసీకి ఊచలను కోయవలెను. పిల్లలు పడుకొను చోట దానికిని ఒప్పుకొనలేదు. అది న్యాయమే. ఇక మిగిలినది చక్రములపై కదలు పోర్టబుల్ ఏసీ.

చలువ యంత్రము చలువను పుట్టింపదు. ఒక చోటి వేడిమిని తీసి మఱియొక చోట పాఱబోయును, అంతే. ద్రవము ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిమిని గ్రహించును. ఆ ఆవిరిని ఒత్తి మరల ద్రవముగా చేయునప్పుడు గ్రహించిన వేడిమిని విడుచును. స్పిరిటు చేతిపై పోసికొన్నప్పుడు తోచు చల్లదనమే యిది. యంత్రములో ఈ ద్రవము మూసిన గొట్టములలో తిరుగుచుండును. కంప్రెసరు దానిని ఒత్తుచుండును. ఒక వైపు గొట్టముల చుట్ట చల్లబడును, మఱియొక వైపుది కాలును. కంప్రెసరు తిరుగుటకు పట్టిన విద్యుచ్ఛక్తి కూడ తుదకు వేడిమియై కాలెడు వైపుననే బయటపడును. కనుక విడిచెడి వేడిమి ఎల్లప్పుడును గ్రహించిన వేడిమికంటె ఎక్కువ. వంటింటిలోని ఫ్రిజ్ తలుపు తెఱచియుంచిన గది చల్లబడునా యని పరీక్షలో అడిగినప్పుడు చాలమంది చల్లబడునని వ్రాయుదురు. చల్లబడదు, వేడెక్కును.

యంత్రముల శక్తిని టన్నులలో చెప్పుట వింతగా తోచును. ఇది మంచుగడ్డల నాటి మాట. ఒక పౌను నీటిని ఫారన్‌హీటున ఒక డిగ్రీ వేడిచేయుటకు వలయు వేడిమి ఒక బి.టి.యు. ఒక పౌను మంచు కరగుటకు 144 బి.టి.యు. కావలెను. అమెరికావారి టన్ను 2,000 పౌన్లు. అంత మంచు కరగుటకు 2,88,000. దానిని దినమునందలి 24 గంటలచే భాగించిన గంటకు 12,000 వచ్చును. అదియే ఒక టన్ను. మన కొలతలలో సుమారు 3,517 వాట్లు.

ఈ యంత్రముల చరిత్రయందు మా మనస్సును ఆకర్షించిన సంగతి యొకటి కలదు. ఫ్లారిడా రాష్ట్రమున అపలాచికోలా యను రేవుపట్టణమునందు జాన్ గోరీ అను వైద్యుడుండెను. ఆయన జ్వరపీడితుల గదులలో పైకప్పునుండి మంచుగడ్డల పళ్లెములను వ్రేలాడదీసి గాలిని చల్లబఱచెడివాడు. మంచు దూరమునుండి ఓడలలో రావలసినదై దొరకుట కష్టమైనందున, దానిని చేయు యంత్రమునే కల్పించి 1851వ సంవత్సరమున పేటెంటు పొందెను. ధనమిచ్చువారు లేక, ఆ యంత్రము వ్యాపించుట చూడకయే 1855లో మరణించెను. విల్లిస్ కారియర్ 1902లో బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయమునకై రూపొందించిన యంత్రమునే నేటి ఏసీలకు మొదటిదిగా చెప్పుదురు. అది కాగితములు తేమకు ఉబ్బకుండుటకై పుట్టినది. అంతకు అర్ధశతాబ్దము ముందే ఒకడు రోగుల గదికొఱకు ఇట్టి యంత్రముతో పాటుపడెనని తెలిసి మాకు సంతోషమాయెను.

అంగడిలో మొదట మాకు చూపినది నీళ్లుపోయు చిన్నపెట్టె. దానిపై ఏసీ యనియే వ్రాసియుండెను. వెల స్వల్పము, మంచుముక్కలు వేయుటకు అఱయు కలదు. మేము అక్కడనే కాగితముపై లెక్కవేసితిమి. ఒక కిలో మంచు కరగునప్పుడు 334 కిలోజౌళ్ల వేడిమిని గ్రహించును. అయిదు కిలోలు వేసిన 1,670. ఒక టన్ను యంత్రము సెకనునకు మూడున్నర కిలోజౌళ్లను తీయును గనుక, ఆ అయిదు కిలోల మంచు చేయు పనిని అది ఎనిమిది నిమిషములలో చేయును. పెట్టెలో పట్టు మంచు కిలోయైనను లేదు! మిగిలినదంతయు నీరు ఆవిరియగుటవలని చల్లదనమే. అనగా అది కూలరు.

కూలరును మేము నిందింపము. అనంతపురము, కర్నూలు, రామగుండము వంటి పొడి సీమలలో దానికి మించిన చవుక సాధనము లేదు. గాలి 40 డిగ్రీల వేడి గలిగి, తేమ నూటికి 20 వంతులున్నప్పుడు, తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకము సుమారు 22 చూపును. మంచి కూలరు గాలిని దాని దరిదాపులకు తేగలదు. కాకినాడ, మచిలీపట్టణము వంటి చోట్ల గాలి 36 డిగ్రీలే యైనను తేమ 60 వంతులున్నచో తడిబట్ట సుమారు 29 దగ్గఱనే నిలుచును. ఆ గాలిలో నీరు అంతగా ఆవిరి కాదు. గదిలో ఉక్క హెచ్చును. గోదావరి యొడ్డున నున్న మాకు మధ్యాహ్నము కొంత పొడిగా నుండినను, ప్రొద్దుగ్రుంకిన తరువాత గాలి తేమను మోసికొనివచ్చును. వడదెబ్బ తిన్నవాని చెమట ఆరవలెను గదా. అందుచేత కూలరును విడిచితిమి.

ఇక గొట్టముగల నిజమైన పోర్టబుల్ యంత్రము. అది చూచుటకు చిన్న బీరువావలె నుండును; బరువు సుమారు 30 కిలోలు. వెనుకనుండి అయిదాఱంగుళముల వ్యాసము గల మడతల గొట్టము వచ్చును. వేడిగాలి దానిద్వారా వెలికి పోవును. రెండవ అంగడివాడు యంత్రమును నడిపి, ముందు చేయిపెట్టి చూడుమనెను. చల్లగానే యుండెను. గొట్టమేదియని అడుగగా, అది యక్కఱలేదనియు, గది పెద్దదైనచో వేడిగాలి దానంతట అదియే పోవుననియు చెప్పెను. మాలో ఒకరు యంత్రము వెనుకకు పోయి నిలుచుండి నవ్వుచు మరలి వచ్చిరి. ముందు 3,500 వాట్ల వేడిమిని గ్రహించి, వెనుక 4,700 వాట్లు విడుచు యంత్రము గొట్టము లేకున్న గదిని 1,200 వాట్ల కుంపటివలె కాల్చును. ఈ పొరపాటు విని నవ్వితిమి గాని, ఊచల కిటికీకి గొట్టము పట్టదని తెలిసినపుడు దానిని గది మూలకు త్రిప్పియుంచి ఊరకుండువారు తక్కువ కారని పిమ్మట వింటిమి.

గొట్టము పెట్టినంత మాత్రమున చిక్కు తీరలేదు. విషయమంతయు ఇచ్చటనే యున్నది గనుక కొంచెము నిదానింపుడు. ఒక్క గొట్టపు యంత్రము తన కాలెడు చుట్టను చల్లబఱచుకొనుటకు గదిలోని గాలినే తీసికొని వెలికి నెట్టును. అట్లు పోయిన గాలి స్థానమును నింపుటకు తలుపు సందులనుండియు, కిటికీ రెప్పల నడుమనుండియు బయటి గాలి చొచ్చుకొని వచ్చును. అనగా మనము డబ్బుపోసి చల్లబఱచిన గాలిని బయట పాఱబోసి, వీధిలోని వడగాలిని లోనికి పిలుచుచున్నాము.

దీని వలని నష్టమెంత? యంత్రము నిమిషమునకు 200 ఘనపుటడుగుల గాలిని నెట్టునని యనుకొందము. మా గది పరిమాణము 1,200 ఘనపుటడుగులు. ఆఱు నిమిషములకొకసారి గదిలోని గాలికి సరిపడు గాలి బయటికి పోవును. గంటకు 12,000 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు గాలిని ఫారన్‌హీటున ఒక డిగ్రీ మార్చుటకు 0.018 బి.టి.యు. వలయును. బయట 40, లోపల 27 అయిన తేడా 13 సెంటీగ్రేడు డిగ్రీలు, ఫారన్‌హీటున 23. అప్పుడు 12,000ను 0.018 చేతను, 23 చేతను గుణింపగా సుమారు 5,000. పెట్టెపై 12,000 అని వ్రాసియున్నను, అందులో 5,000 లోనికి వచ్చు వడగాలిని చల్లబఱచుటకే సరి. మనకు దక్కునది 7,000. బయటి గాలితో వచ్చు తేమను పిండుటకు పట్టునది దీనికి అదనము. అమెరికా ప్రభుత్వపు ఇంధనశాఖవారు 2016లో చేసిన పరీక్షావిధానమున ఈ నష్టము మొదలగువానిని లెక్కించి, పోర్టబుల్ యంత్రములకు తగ్గించిన అంకెను వేఱుగా చూపిరి. అచ్చట అమ్ము పెట్టెలపై రెండంకెలు కానవచ్చుటకు కారణమిదియే. రెండున్నప్పుడు చిన్నదానినే నమ్మవలెను.

రెండు గొట్టముల యంత్రము ఈ దోషమును చాలవఱకు తప్పించును. ఒక గొట్టముతో బయటి గాలిని తెచ్చికొని, కాలెడు చుట్టపై పాఱించి, రెండవదానితో బయటికే విడుచును. గది గాలి గదిలోనే యుండును. అట్టిది దొరకిన మేలు. మా పట్టణపు అంగళ్లలో మేము చూచినవన్నియు ఒంటి గొట్టమువే. అయినచో పెద్ద యంత్రమును కొందమా? అది హెచ్చు గాలిని బయటికి నెట్టి హెచ్చు వడగాలిని ఈడ్చుకొనును. చిన్నగదిలో పెద్దది పెట్టుట మాకు తెలివిగా తోచలేదు.

మంచిది, మా గదికి 7,000 చాలునా? పైన మఱియొక అంతస్తు కలదు గనుక కప్పుపై ఎండ పడదు. ఇది మా భాగ్యము. మిద్దెక్రిందనే నేరుగా నున్న గదికి ఈ లెక్క చెల్లదు. లోపల రోగి, కాచుకొనువాడు, ఇద్దఱు. ఊరకున్న మనుష్యుడొకడు సుమారు 100 వాట్ల వేడిమిని విడుచును గనుక ఇద్దఱికి దాదాపు 700 బి.టి.యు. శత్రువు పడమటి గోడయే. దానికి యంత్రముతో బదులు చెప్పుటకంటె నీడతో చెప్పుట చవుక. మేము మొదట గోడకు నాలుగడుగుల ఎడముగా తాటాకు పందిరి వేయించితిమి; కిటికీ రెప్పల సందులను పాతగుడ్డతో కూరితిమి. ఏడు దినముల తరువాత, ఎండలో మార్పు లేకున్నను, రాత్రి తొమ్మిదిగంటల వేళ ఉష్ణమాపకము 34 చూపెను. యంత్రము రాకముందే మూడు డిగ్రీలు తగ్గినవి! పందిరికైన వ్యయము 2,200 రూపాయలు. ఇక ఒక టన్ను యంత్రము చాలునని నిశ్చయించుకొంటిమి.

తరువాత ఊచలు. యంత్రముతో వచ్చు కిటికీపలక ప్రక్కకు జరుగు అద్దపు కిటికీలకు పనికివచ్చును గాని, బయటికి తెఱచు రెప్పలును ఊచలును గల మన కిటికీలకు కాదు. మా ఊచల నడిమి సందు నాలుగంగుళములు, గొట్టము ఆఱంగుళములు. ఊచలకు లోపలి వైపున కిటికీయంతయు మూయునట్లు ప్లైవుడ్ పలకను వడ్రంగి పనివాడు కోసి బిగించెను; అందులో గొట్టపుమూతికి సరిపడు రంధ్రము చేసి ఊచల మీదికే గాలి పోవునట్లు పెట్టితిమి. సన్నని ఊచలు గాలిని అంతగా అడ్డవు. రెప్పలను మాత్రము తెఱచియే యుంచవలెను. గొట్టమును పొడిగింపరాదు, వంకరలు త్రిప్పరాదు. అదియే కాలుచు గదిని వేడిచేయును గనుక, పాతదుప్పటి ముక్కను చుట్టి కుట్టితిమి. వ్యాపారి అది ఎబ్బెట్టుగా నున్నదనెను. ఉండనిండు.

యంత్రపు వాయువును గూర్చి కొన్ని మాటలు. పెట్టెపై ఆర్-410ఏ, ఆర్-32, ఆర్-290 అని వ్రాసియుండును. బయటికి కాఱినచో నూఱేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె మొదటిది రెండువేల రెట్లకు పైగా, రెండవది 675 రెట్లు భూమిని వేడెక్కించును; మూడవదానికి అట్టి దోషము మిక్కిలి స్వల్పము. కాని ఆ మూడవది ప్రొపేను, వంటవాయువు జాతిది, మండును. ఆర్-32 కూడ కొలదిగా మండును. అందువలన ఇట్టి యంత్రములపై గది నేల ఎన్ని చదరపు మీటర్లకు తగ్గరాదో అచ్చువేయుదురు. మా గది నేల 11 చదరపు మీటర్లు. మేము మెచ్చిన యంత్రమొకదానిపై 12 అని యుండుటచే విడిచిపెట్టితిమి. చిన్నగదివారు ఈ అంకెను తప్పక చదువవలెను. అమ్మువారు దానిని చెప్పరు.

నీటి సంగతి. గాలిలోని తేమ చల్లని చుట్టపై చెమర్చి కాఱును. ఆ నీటిని కాలెడు చుట్టపై చిమ్మి ఆవిరిచేసి గొట్టముద్వారా పంపు ఏర్పాటు చాల యంత్రములలో కలదు. ఉక్క హెచ్చైన రాత్రులలో అది చాలదు. అడుగు తొట్టి నిండి, యంత్రము తనంత తానే నిలిచిపోవును. ఆ నిలుచుట సాధారణముగా అర్ధరాత్రము దాటిన పిమ్మటనే జరుగును! కాఱుగొట్టమును బకెట్టులోనికి విడుచుట ఉత్తమము.

చప్పుడు ఎక్కువ. కంప్రెసరు మంచము ప్రక్కనే కదా యుండునది. రోగికి చప్పుడు బాధయా, వేడిమి బాధయా యని మాలో వాదము జరిగెను. ఆ వేసవి రోగినే పిలిచి యడిగితిమి. వేడిమియేయని వాడు నిమిషమైన ఆలోచింపక చెప్పెను.

విద్యుత్తు లెక్క సులభము. 1,200 వాట్లు ఎనిమిది గంటలు నడిచిన 9.6 యూనిట్లు, యూనిట్‌కు 8 రూపాయలు వేసికొన్న రాత్రికి సుమారు 77 రూపాయలు. కంప్రెసరు మధ్య మధ్య ఆగిన ఇది తగ్గును. మన దేశమున 2020 జనవరి 1 నుండి నక్షత్రపు గుర్తుగల గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు ఏర్పఱచిరి. ఒంటి గొట్టపు యంత్రము మే నెలలో 24కు దిగునని ఆశపడరాదు. 27 యొద్ద పంకాను నెమ్మదిగా తిరుగనిచ్చిన హాయిగా నుండును. ప్లగ్గును 16 ఆంపియర్ల సాకెట్టునకు, భూబంధము గలదానికి మాత్రమే తగిలింపవలెను. తీగ పొడిగించు పెట్టెలు పనికిరావు. అవి కాలుటకు కంప్రెసరు మొదలగునప్పటి లాగుడు చాలును.

యంత్రము 34,000 రూపాయలకు వచ్చెను. ఆటోలో పడుకొనబెట్టి తెచ్చుట చూచి మాకు ప్రాణము కొట్టుకొనెను. అట్లు తెచ్చినచో కంప్రెసరులోని చమురు గొట్టములలోనికి పాఱును. నిలువబెట్టి మఱునాటి ఉదయము వఱకు మీట నొక్కనీయలేదు. పిల్లలకు ఆ రాత్రి గడచుట కష్టమైనది.

ఆ మఱునాడు బయట 41 డిగ్రీలు. మధ్యాహ్నము రెండుగంటలకు నడుప మొదలిడితిమి. గంటకు గదిలో 31. మూడు గంటలకు 29. రాత్రి తొమ్మిదికి, ఉష్ణమాపకము మునుపటి మేకుననే వ్రేలాడుచుండగా, 27. తలుపు అడుగున అరయంగుళపు సందునుండి వచ్చు గాలి కాలికి వెచ్చగా తగులుచునేయుండెను. మేము లెక్కవేసిన 5,000 బి.టి.యు. అదియే యని పిల్లలు వరుసగా వంగి చేతులుపెట్టి చూచిరి. ఆ గదితలుపును ఎండవైపు వరండాలోనికి గాక, వంటశాల కెదురుగానున్న నీడ నడవలోనికే తెఱవవలెనని పలకపై వ్రాసి తగిలించితిమి. వచ్చు గాలి ఎట్లును వచ్చును. నీడలోనిదైనచో నాలుగు డిగ్రీలు తక్కువ. వడపోత జల్లెడను పదునైదు దినములకొకసారి కడుగు పని తొమ్మిదవ తరగతివారిది; బకెట్టులోని నీరు తులసిమొక్కలకు పోయు పని, తానే యడిగి పుచ్చుకొన్నందున, ఆ వడదెబ్బ బాలునిది.